చావు వాకిలికి కూటికుండ మోసిన రాజు

పూర్వం త్రేతాయుగాన, తూర్పు సముద్రతీరమందలి వేలాపురాన్ని ధర్మసేతు మహారాజు ఏలుతున్న కాలంలో, మంత్రి సునీథుడి పేరు చెబితే రైవతుడనే కర్షకుడికి కడుపు మండిపోయేది. మండదా మరి? వరుణదేవుడు కన్నెర్రజేయగా సముద్రం అతడి పల్లెమీద పడి, ఇంటింటా ఒకరినో ఇద్దరినో పొట్టన పెట్టుకుపోతే, ఆ సునీథుడు బియ్యమూ కట్టెలూ కొత్త కుండలూ పాకపాకకూ దించి, మూడోనాటికీ ఏ పొయ్యిలోనూ పొగ లేవకపోవడం చూసి, "రాజుగారి సొమ్మంటే వీళ్ళకి లెక్కలేదు. ప్రొద్దుగూకేలోగా పొయ్యి రాజెయ్యని పాకలో గింజ మిగల్చకండి" అని భటులకు చెప్పి పోయాడు.

రైవతుడి భార్య సముద్రంపాలైంది. కూతురు చారుమతి ఆకలికి సోలిపోయి, పిలిస్తే పలకడం మానేసింది. ప్రొద్దు తాటిచెట్ల కిందికి దిగుతోంది. అతడు చెకుముకిరాయి అందుకోగానే ముసలితల్లి మాలిని చెయ్యి పట్టుకుంది.

"ఆగరా. చావింట్లో పొయ్యి వెలిగిస్తారట్రా ఎక్కడైనా? పొరుగువాళ్ళు వండి తేవాలి, బతిమాలి తినిపించాలి."

"పొరుగెక్కడిదే అమ్మా? అటు చావిల్లే, ఇటు చావిల్లే. పిల్ల కూడా పోయాక తెస్తారా?"

"మనమే రాజేసుకుంటే, కోడలు మన మనిషి కాదన్నట్టేరా."

భటులు బియ్యపు గోతాలు ఈడుస్తున్న చప్పుడు పక్కపాకదాకా వచ్చింది. అంతలో త్రికాలవేదియైన శంఖపాద మహర్షి, రాజునూ మంత్రినీ వెంటబెట్టుకొని పల్లె చూడవచ్చి, వాకిట నిలిచి ఆ మాటలు విని, భటులను ఆగమని సైగచేసి, రాజువైపు తిరిగాడు.

"రాజా, అన్నీ పంపావు. పొరుగును పంపడం మరిచావు."

"పొరుగును ఎక్కణ్ణించి తేను స్వామీ?"

"నీ ఇంట చావుందా?"

"లేదు."

"మరి పొయ్యి రాజెయ్యడానికి నీకేం అడ్డం?"

అంతట రాజాధిరాజైన ధర్మసేతువు కిరీటం తీసి, పొలిమేర అవతల తన చేత్తో నిప్పు రగిల్చి, గంజి కాచి, కుండ నెత్తిన పెట్టుకువచ్చి రైవతుడి వాకిట బురదలో కూర్చున్నాడు. వెనక ఇంకో కుండ మోసిన సునీథుడికి చెయ్యి కాలింది. రైవతుడు చూశాడు గానీ జాలిపడలేదు.

"పొరుగువాణ్ణి తల్లీ. కోడలెలాంటిదో చెబుతూ తిను" అన్నాడు రాజు.

"పులుసులో ఉప్పెక్కువేసేది మహాతల్లి" అని మొదలుపెట్టిన మాలిని, అప్పటికి భోరున ఏడ్చింది. రైవతుడు గంజిని చారుమతి పెదవులకు తాకించాడు. చాలాసేపటికి ఆ పిల్ల గుటక వేసింది.

అందుకు సంప్రీతుడై, మకరవాహనారూఢుడైన వరుణుడు ప్రత్యక్షమై వరం కోరుకొమ్మనగా, "హద్దు దాటేముందు ఘోషించి చెప్పు ప్రభూ" అని వేడుకున్నాడు రాజు. ఆ జలాధిపతి తథాస్తని, కొత్త హద్దు గీసి సముద్రాన్ని అందులో నిలిపాడు. నాటినుండి ఉప్పెనపాలైన ఊరికి మునగని ఊళ్ళు వండిన కూడు మోసుకెళ్ళి, పోయినవాళ్ళ మాటలు విని, ఆ తరువాతే బియ్యం దించడం ఆ రాజ్యంలో ధర్మమైంది. పల్లెలో పొగ లేచింది. అయితే దేవుడు గీసిన ఆ కొత్త హద్దు రైవతుడి చేనుకు ఇవతల పడి, చేను సముద్రంలోనే ఉండిపోయింది. అతడికి పోయినది పుట్టిన్నర గింజలు చల్లే మాగాణి.