విస్తరి దాకా వచ్చిన నీళ్లు

“నా స్థలంలో పడిన వాన నేను కురిపించింది కాదు. పల్లం చూసుకుని అదే పోతుంది. దానికి నేనెలా బాధ్యుణ్ణవుతానండీ?” అని మురహరిరావు తన గురువు విశ్వంభరులు గారిని అడిగాడు.

మురహరిరావు ఇళ్ల స్థలాలు వేసి అమ్మేవాడు. చెడ్డవాడు కాడు. ఆ వేసవిలో ఒక చేను కొని, నడుమెత్తున ఎర్ర కంకర తోలించి మెరక చేశాడు. వెనకటి రోజుల్లో పొలం చదును చేసేవాళ్లు ముందు కడవెడు నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పారతాయో చూశాకే పార పట్టేవారు. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి గాని, నీళ్లవంక చూసే తీరిక ఎవరికీ లేదు. సరే, చేనుకు అడ్డంగా వాననీళ్లను వాగుదాకా తీసుకుపోయే పాత బోదె ఆ కంకర కింద పూడిపోయింది. బోదె ఉన్నచోట మురహరిరావుకు రెండు ప్లాట్లు కలిసొచ్చాయి. పక్కనున్న అచ్చియ్యమ్మ ఇల్లు పల్లంలో పడింది.

విశ్వంభరులు గారు కండువా భుజాన వేసుకుని లేచారు. గురువారంనాడు ఎవరు పిలిస్తే వారింట భోంచెయ్యడం ఆయన అలవాటు.

“ఇవాళ అచ్చియ్యమ్మ పిలిచింది. నువ్వూ రా,” అన్నారు.

ఒంటిగది ఇల్లు. మూలన నులకమంచం మీద అచ్చియ్యమ్మ కూతురు, పక్కన ఇరవై రోజుల పసిగుడ్డు. మంచంకోళ్ల కింద రెండేసి ఇటుకలు. గురుశిష్యులు నేలమీద విస్తళ్ల ముందు కూర్చుని పప్పన్నం కలుపుతుండగా వాన అందుకుంది. కాసేపటికి గడప మీదుగా ఎర్రనీళ్లు లోపలికొచ్చాయి.

“కంగారుపడకండి బాబూ,” అంది అచ్చియ్యమ్మ, చెంబుతో తోడిపోస్తూ. “మీ నీళ్లే. మీ వెనకాలే వచ్చాయి.”

మురహరిరావు పట్టుపంచె తడిసింది. విస్తరి మెల్లగా కదిలింది. గురువు లేవకముందు శిష్యుడు పంక్తిలోంచి లేవకూడదు. విశ్వంభరులు గారికి పళ్లు తక్కువ. ఒక్కొక్క మెతుకే నములుతున్నారు.

“అమ్మా, ఇటుక జారింది,” అంది మంచం మీది పిల్ల. మంచం ఒక పక్కకు ఒరిగింది.

అచ్చియ్యమ్మ చెంబు పడేసి, బిడ్డను తీసి మురహరిరావు ముందుకు చాపింది. “కాస్త పట్టుకోండి, కోడెత్తాలి.”

“ఎంగిలిచెయ్యి అమ్మా.”

“ఎడంచెయ్యి ఉందిగా.”

అతను బిడ్డను గుండెకు ఆనించుకున్నాడు. మడమ తన బొటనవేలంత కూడా లేదు. వెచ్చగా ఉంది. కింద నీళ్లు చల్లగా తొడల దాకా వచ్చాయి. నిద్రలోనే బిడ్డ అతని ఉత్తరీయం అంచు గుప్పిట పట్టుకుంది.

“గురువుగారూ, ఇక లేద్దామా?” అన్నాడు, బిడ్డ లేవకుండా గొంతు తగ్గించి.

“నేను లేస్తే నువ్వు లేస్తావు. ఈ నీళ్లలోంచి అచ్చియ్యమ్మ ఎవరు లేస్తే లేవాలి?”

మురహరిరావు అటు తిరిగాడు. కూతుర్ని ఒకచేత్తో పట్టుకుని, రెండోచేత్తో నీళ్లలో ఇటుక కోసం వెతుకుతున్న అచ్చియ్యమ్మనే చూస్తున్నాడు.

“ఆ రెండు ప్లాట్లు తీసేస్తానండి,” అన్నాడు చివరికి. “బోదె మళ్లీ తవ్వించి వాగులో కలుపుతాను.”

విశ్వంభరులు గారు మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుని లేచారు. బిడ్డ తలమీద చెయ్యి పెట్టారు.

“మంచిది. నీళ్లు వాగులో కలిసేదాకా ఈ బిడ్డను కిందికి దించకు,” అన్నారు.