బెల్టుకి రాసిన సబ్బు

"బెల్టు కూత ఆగిపోయాక ఇంకా వెతకడం దేనికి మేస్త్రి గారూ?" అని శౌరి అడిగిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆటోనగర్‌లో నా ఎలక్ట్రికల్ షెడ్డుకి ఆనుకునే భద్రాచారి మేస్త్రి మెకానిక్ షెడ్డు. శౌరి పాలిటెక్నిక్ చదివి, పెళ్ళయ్యాక ఆయన దగ్గర పనిలో చేరాడు. చెయ్యి చురుకే గాని ఓపిక తక్కువ. మేస్త్రి ఏ ప్రశ్నకైనా నోటితో జవాబు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఏదో ఒక పని చూపిస్తాడు, అంతే. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది, కాని ఏం చేస్తాం, ఆయన తీరు అది.

ఆ రోజు వచ్చింది ఒక స్కూలు వ్యాను. దాని డ్రైవరు కరీముల్లాకి అరవై దగ్గర పడ్డాయి. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల్ని ఎక్కించి దించుతున్నాడు, ఏ ఒక్కరికీ గోరంత దెబ్బ తగలనివ్వలేదు. అలాంటి మనిషి వారం కిందట మలుపు పూర్తిగా తిప్పలేక బండిని స్కూలు గేటు స్తంభానికి రాసేశాడు. పిల్లలకేమీ కాలేదు. అయినా ఓనరు చలపతి, ముసలాడికి చేతుల్లో సత్తువ పోయిందని తేల్చేసి, సోమవారం నుంచి కొత్త డ్రైవర్ని మాట్లాడుకున్నాడు. ఆ కొత్తవాడికి అప్పగించే ముందు బండి ఒకసారి చూడమని కరీముల్లాని తనే వెంటబెట్టుకు వచ్చాడు. బండి కీచుమనేదని, రెండు బెల్టులు మార్పించానని, ఇప్పుడు ఏ చప్పుడూ లేదని చెప్పాడు. శౌరి స్టార్ట్ చేసి చూస్తే నిజంగానే లేదు. అందుకే ఆ ప్రశ్న.

మేస్త్రి ఇంజను ఆపించి, బెల్టు మీద వేలు రాసి వాసన చూశాడు. బట్టల సబ్బు. కరీముల్లా తల దించుకున్నాడు. బండి కీచుమంటే వీధంతా తిరిగి చూస్తోందని ఓనరు తిట్టేవాడట. బెల్టులు మార్చినా కూత పోకపోయేసరికి, రోజూ పొద్దున్నే బయల్దేరే ముందు సబ్బు ముక్క రుద్దేవాడట. డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే ఇది. నిజం చెప్పొద్దూ, నేనూ చేశాను.

మేస్త్రి కోప్పడలేదు. బెల్టు శుభ్రంగా తుడిపించి, ఆరనిచ్చి, చలపతిని సీట్లో కూర్చోమన్నాడు. చలపతికి నలభై నిండలేదు, రోజూ జిమ్‌కి వెళ్ళే ఒళ్ళు. ఇంజను నడుస్తుండగా స్టీరింగు చివరిదాకా తిప్పమన్నాడు. తిప్పుతుంటే బెల్టు గొంతు చించుకుంది. సగం దాటాక స్టీరింగు మొండికేసింది. చలపతి రెండు చేతులూ వేసి, సీట్లోంచి లేచినంత పని చేసి, చివరికి వదిలేశాడు.

అప్పుడు మేస్త్రి ఇంజను ఆపించి బెల్టు విప్పించాడు. పవర్ స్టీరింగు పంపుకున్న పుల్లీని, అంటే బెల్టు తిప్పే చక్రాన్ని, చేత్తో తిప్పమని శౌరికి చెప్పాడు. తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. పంపు అరిగిపోయి, సాఫీగా తిరగడం మానేసి చాలా రోజులైంది. దాన్ని లాగలేకే బెల్టు జారి అరుస్తోంది. స్టీరింగు తేలిగ్గా తిరగడానికి పంపు చెయ్యాల్సిన సాయమంతా కరీముల్లా భుజాల మీద పడుతోంది.

చలపతి ముఖం పాలిపోయింది. స్టీరింగు బరువుగా ఉందని ఒక్కసారైనా చెప్పలేదేమని మెల్లగా అడిగాడు.

"నా చేతులే అయిపోయాయనుకున్నాను సార్," అన్నాడు కరీముల్లా.

ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక నావల్ల కాదని ఇంట్లో భార్యకి కూడా చెప్పేశాడట పాపం.

సాయంత్రానికి వేరే పంపు బిగించి, ఆయిలు పోసి, బండి కరీముల్లాకి ఇచ్చారు. ఒంటి చేత్తో స్టీరింగు ఇటు చివరికి తిప్పాడు, అటు చివరికి తిప్పాడు, మళ్ళీ ఇటు. దిగమంటే దిగడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. చలపతి పక్కకి వెళ్ళి ఫోనులో కొత్త డ్రైవర్ని రావద్దన్నాడు. తిరిగొచ్చి, సోమవారం మామూలు వేళకే రమ్మని కరీముల్లాతో చెప్పాడు. క్షమించమనడం అతనికి చేతకాలేదు గాని, గొంతు మాత్రం తగ్గింది.

వ్యాను కదిలి సందు మలుపు తిరిగేదాకా శౌరి చూస్తూ నిలబడ్డాడు. పాపం బెల్టు తప్పేమీ లేదని, ఊరికే దాన్ని తిట్టుకున్నామని అన్నాడు.

మేస్త్రి చేతులకంటిన ఆయిలు తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ ఆ పెద్దాయన తరఫున నోరు విప్పింది అదొక్కటే శౌరీ," అన్నాడు.