దోర్జీగారి కండువా

సోమయాజులుగారికి ప్రశ్నలంటే విసుగు లేదు. అడిగిందే మళ్లీ అడిగితే మాత్రం చేతిలో విసనకర్ర వేగం పెరిగేది. ఆ వారమంతా అది వేగంగానే ఊగింది.

నది మధ్య లంకలో ఉన్న ఆయన తర్క పాఠశాలలో జరిగే మాఘమాసపు సభకు ఆ రోజుల్లోనే విదేశీ పండితులు రానున్నారు. సభలో ఎవరు ఏ బట్టలతో కూర్చోవాలో తేల్చే పని హయవదనుడనే శిష్యుడు తన నెత్తిన వేసుకున్నాడు. జపాను నుంచి వచ్చే ఆవిడ కిమోనో కిందికి తెల్ల మేజోళ్లు తొడుగుతుందట, గుమ్మం బయట విప్పించాలా? ఘనా దేశపు ఆయన చుట్టుకునే రంగుల వస్త్రం ఒక భుజాన్ని కప్పదట, అది సభకు తగునా? సూటు వేసుకొచ్చిన వాళ్లకు పంచెలు మనమే ఇవ్వాలా? నాలుగో రోజు ఒక కాగితం నిండా నియమాలు రాసుకొచ్చి, "గురువుగారూ, ఒక్కటి తేల్చండి. పెద్దల ముందుకు వచ్చేవాళ్లకు ఏది మర్యాదైన వేషం?" అన్నాడు.

"నా ప్రాణానికి ఎక్కడ దొరికావురా!" అని ఆయన విసనకర్ర కింద పడేశారు. మిగతా శిష్యులం మేమంతా అక్కడే ఉన్నాం. వాదిస్తారనుకున్నాం. జరిగినదొకటి చెప్పారు.

ఆయనకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆయన గురువు పెద్దశాస్త్రిగారు మంచం పట్టారు. కాశీలో తనతో కలిసి చదువుకున్న భూటాను పండితుడు దోర్జీగారికి కబురు పంపి, పది రోజులుగా ఎదురుచూస్తున్నారు. "వాడొస్తే ఒక మాట చెప్పాలిరా" అనేవారు. ఆ మాటేమిటో ఎవరికీ చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున దోర్జీగారు పడవ దిగి వచ్చారు. ముసలాయన. మోకాళ్ల దాకా అంగీ, నడుముకు పట్టీ, ఎడమ భుజం మీదుగా తెల్లటి పొడవాటి కండువా. కుర్ర సోమయాజులు గుమ్మానికి అడ్డంగా నిలబడి, కండువా తీసి నడుముకు చుట్టుకోమన్నాడు. గురువుగారి ముందుకు భుజం మీద గుడ్డతో ఎవరూ వెళ్లరన్నాడు.

దోర్జీగారు సంస్కృతంలో మెత్తగానే చెప్పారు. "బాబూ, మా దేశంలో ఇది లేకుండా పెద్దల ముందు నిలబడకూడదు. తీసేస్తే ఆయన్ని అవమానించినట్టు."

"ఉంచుకుంటే మేం అవమానించినట్టు" అన్నాడు సోమయాజులు.

"పోనీ, నువ్వే వెళ్లి ఆయన్ని అడుగు."

"ఇంత చిన్నదానికి ఆయన్ని లేపమంటారా?"

లోపలినుంచి సన్నగా గొంతు వినిపించింది. "ఎవర్రా? వాడేనా?"

"వస్తున్నారండీ, కాస్త ఆగండి!" అని కేకవేసి సోమయాజులు మళ్లీ వాదనకు దిగాడు. స్మృతులు చెప్పాడు, సంప్రదాయం చెప్పాడు. నిజానికి ఆ రోజు తను చాలా బాగా వాదించానని అనుకున్నాడట. ఆ ముసలాయన ఆరు రోజులు ప్రయాణం చేసి వచ్చాడన్న సంగతి గుర్తు రాలేదు. దోర్జీగారు ఇక మాట్లాడలేక అరుగు మీద కూలబడ్డారు. ఎండ అరుగు దాటి గుమ్మంలోకి వచ్చింది.

రేవు నుంచి బిందెతో తిరిగొచ్చిన శాస్త్రిగారి భార్య సుభద్రమ్మగారు ఇద్దర్నీ చూసి బిందె అక్కడే దించేశారు. "ఓరి నీ మర్యాద మండిపోనూ! ఆయన ఎవరికోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్నారనుకున్నావురా?" అని దోర్జీగారిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

అప్పటికే పెద్దశాస్త్రిగారికి మాట పడిపోయింది. కళ్లు మాత్రం స్నేహితుణ్ణి గుర్తుపట్టాయి. పెదవులు చాలాసేపు కదిలాయి. దోర్జీగారు చెవి ఆనించి విన్నారు, మళ్లీ విన్నారు, తల అడ్డంగా ఊపారు. శాస్త్రిగారు ఆ తెల్ల కండువా అంచు గుప్పిట్లో పట్టుకున్నారు. సాయంత్రానికి ప్రాణం పోయింది. పట్టు మాత్రం వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది. విడదీసినవాడు సోమయాజులే.

హయవదనుడు తన నియమాల కాగితం మడిచి నెమ్మదిగా అడిగాడు. "దోర్జీగారు మిమ్మల్ని ఏమీ అనలేదాండీ?"

"అంటే బాగుండేది" అన్నారు సోమయాజులుగారు. "ఆ మాటేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. లే, పడవ వేళయింది. ఎవరొస్తారో వెళ్లి చూడు."