గిజిగాడు ఇచ్చిన గడ్డిపోచ

వాగు ఒడ్డున ఒక ఈతచెట్టు నీళ్ల మీదికి వంగి ఉండేది. దాని మట్టలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. కింద లోతైన మడుగు, చుట్టూ ముళ్లు, గూట్లోకి పోవడానికి అడుగు నుంచి ఒక సన్నటి గొట్టం. పాము వస్తే పట్టు దొరక్క జారి నీళ్లలో పడేది. నక్క వస్తే ఒడ్డున కూర్చుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, లొట్టలు వేసుకుంటూ వెళ్లిపోయేది. ఆ జాతిని తాతల కాలం నుంచి బతికించింది రెక్కల బలం కాదు, ఆ గూటి ఆకారం.

ఆ చెట్టు మీద అందరిలోకీ గొప్ప పనిమంతుడు అప్పన్న. అతని గూడు గాలివానకు ఊగేదే గాని తెగేది కాదు. ఆ గూడు చూసే పైడమ్మ అతన్ని చేసుకుంది. ఆ మాట ఆమే అందరికీ చెప్పేది.

ఆ వేసవిలో అడవి అంతా ఒకటే హడావుడి. లోకంలోని అడవులన్నీ కలిసి ఆడే పెద్ద ఆటల పోటీలు ఈసారి ఇక్కడే. ఎడారి నుంచి ఒంటెలు, మంచుకొండల నుంచి దుప్పులు, సముద్రం అవతలి నుంచి కంగారూలు వస్తాయట. ఆటల సంఘానికి కార్యదర్శి నక్క కామేశం. ఎవరు ఎన్నుకున్నారో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి అతనే కార్యదర్శి.

"ముందు మనకొక గుర్తు కావాలి," అన్నాడు కామేశం సభలో. "బయటివాళ్లు దాన్ని లోగో అంటారు. అది చూడగానే మన అడవి కళ్ల ముందు కదలాలి. ఎవరికి తోచింది వాళ్లు తయారుచేసి తీసుకురండి."

మర్నాటి సభకు నెమలి ఒకటికి రెండు బొమ్మలు తెచ్చింది.

"ఇదేమిటి?" అన్నాడు కామేశం.

"నా పింఛం."

"మరి ఇది?"

"నా పింఛమే. పక్క నుంచి."

ఎలుగుబంటి తేనెపట్టుతో గుర్తు చేసి, సభ మొదలయ్యేలోపే నాకేసింది. ఏదీ కుదరలేదు. ఆ సాయంత్రం కామేశం తిన్నగా వాగు ఒడ్డుకు వచ్చి కూర్చున్నాడు.

"అప్పన్నా, నీ గూడు ఎప్పుడైనా తలకిందులుగా చూశావా?"

"తలకిందులుగా చూస్తే నేనే కింద పడతాను కదండీ."

"నీళ్లలో చూడవయ్యా, నీడను."

అప్పన్న వంగి చూశాడు. వేలాడే గూడు నీళ్లలో నిటారుగా నిలబడింది. పిడి సన్నగా, పైన గుండ్రంగా, కాగడాలా ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఆ నీళ్ల మీదే బతికాడు, ఒక్కనాడూ చూడలేదు.

"లోకమంతా చూడాల్సింది ఇది," అన్నాడు కామేశం మెల్లగా. "ఈ ముళ్లచెట్టు మీద ఎవరు చూస్తారు?"

అప్పన్న తిండి మానేసి పనిలో పడ్డాడు. పచ్చగడ్డితో గూడు నేసి తిరగేశాడు, ఎండుగడ్డితో మంట అల్లాడు, చుట్టూ తుమ్మబంకతో గురివింద గింజలు అతికించాడు. కామేశం రోజూ వచ్చి చూసేవాడు.

"మంట కొంచెం పెద్దది చెయ్యి."

చేశాడు.

"కొంచెం తగ్గించు."

తగ్గించాడు.

"మొదట చేసిందే బాగుంది."

పైడమ్మ పైనుంచి ఇదంతా చూస్తూనే ఉంది. "ఏమయ్యా, ఆ కామేశం మన గూటిని ఇంత ప్రేమగా ఎప్పటి నుంచి చూస్తున్నాడు?"

"ఎప్పుడూ చూసేవాడే కదా."

"ఎందుకు చూసేవాడో మరిచిపోయావా?"

అప్పన్న వినిపించుకోలేదు. తన చెట్టు బయట మొదటిసారి తన పనిని మెచ్చుకున్నవాడు ఒకడు దొరికితే, వాడి పళ్ల వైపు చూడాలనిపించదు.

గుర్తు సభలో పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. నెమలి కూడా నోరు మూసుకుంది. అప్పుడు కామేశం గొంతు సవరించుకున్నాడు.

"ఇంత మంచి గుర్తును రేపు ఎవడైనా దొంగిలిస్తే? ఆటల పేరు చెప్పుకుని కుళ్లిన పళ్లు అమ్ముకుంటే? కాబట్టి ఈ ఆకారం ఇకమీదట సంఘానిది. సంఘం అనుమతి లేకుండా దీన్ని ఎవరూ చెయ్యకూడదు. అప్పన్నా, అందరి ముందు గడ్డిపోచ పెట్టు."

ఆ అడవిలో అదొక కట్టుబాటు. ఏదైనా శాశ్వతంగా ఇచ్చేస్తే, పచ్చి గడ్డిపోచ కొరికి ఎదుటివాడి ముందు పెట్టాలి. మాంసం తినేవాళ్లకు గడ్డి నోట పెట్టాలంటేనే వెగటు, అందుకని బాగా ఆలోచిస్తారు. మేసేవాళ్లు నోటి దగ్గరి మేత వదలాలి, వాళ్లూ ఆలోచిస్తారు. గిజిగాళ్లకు మాత్రం పొద్దస్తమానం గడ్డిపోచలు చీల్చడమే పని. అప్పన్న ముక్కులో అప్పటికే ఒకటి ఉంది. చప్పట్లు మోగుతుండగానే దాన్ని కామేశం ముందు పెట్టేశాడు.

ముసలి దున్న గవరయ్య వెనక నుంచి అడిగాడు: "ఒరే అప్పన్నా, ఇచ్చింది బొమ్మనా, ఆకారాన్నా?"

"రెండూ ఒకటే కదా తాతా."

గవరయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆటలు జరిగాయి. ఏనుగుల నుదుటి మీద అదే గుర్తు, సొరకాయ బుర్రల మీద అదే, విస్తళ్ల మీద అదే. ఎవరు చేశారని ఒంటె అడిగితే, "మా సంఘమే," అన్నాడు కామేశం. చెట్టు మీద అప్పన్న ఆ మాట విని మింగేశాడు. పేరు పోతే పోనీ, గూడు నాదే కదా అనుకున్నాడు.

తొలకరి పడింది. గడ్డి పెరిగింది. గిజిగాళ్లు నేత మొదలుపెట్టారు. గూళ్లు సగానికి వచ్చాయో లేదో, కాకుల మంద దిగి అన్నింటినీ పీకి మడుగులో పారేసింది.

"మా గూళ్లు ఎందుకు పీకుతున్నారు?" అప్పన్న అడ్డం వెళ్లాడు.

"గూళ్లు కాదు, సంఘం గుర్తు," అంది పెద్ద కాకి. "అనుమతి లేకుండా చేస్తున్నారు."

అప్పన్న కామేశం గుహకు రివ్వున ఎగిరి వెళ్లాడు.

"కామేశం గారూ, ఇది మా తాతల గూడండీ."

"కాదన్నదెవరు? గూడు కట్టుకో. ఆ ఆకారంలో తప్ప."

"మాకు ఇంకోటి రాదు."

"పావురాన్ని అడుగు, నాలుగు పుల్లలు వేసుకుంటుంది. ఎంత తేలిక."

అప్పన్న సింహం దగ్గర మొరపెట్టుకున్నాడు. సింహం ఒక్కటే అడిగింది: "గడ్డిపోచ పెట్టావా, లేదా?"

"పెట్టాను."

"అయితే నా దగ్గరికెందుకొచ్చావు?"

అతను పుల్లలు ఏరి పావురంలా గూడు వేశాడు. పైడమ్మ అందులోనే గుడ్లు పెట్టింది. ఆ రాత్రి గాలికి పుల్లలు విడిపోయి గుడ్లన్నీ మడుగులో పడ్డాయి. తెల్లారి ఇద్దరూ మట్ట మీద కూర్చుని నీళ్లలోకి చూశారు. కాగడా నీడ లేదు. ఏమీ లేదు.

చెట్టు చెట్టంతా అప్పన్న మీద పడింది. "నీ పేరు కోసం మా కడుపులు కొట్టావు," అన్నారు.

వానలు ముదిరాక కామేశమే వచ్చాడు, గొడుగులా ఆకు పట్టుకుని. "మీ బాధ చూడలేకపోతున్నాను. సంఘం అనుమతి ఇస్తుంది. గూళ్లు మీ ఆకారంలోనే కట్టుకోండి. నీళ్ల వైపు మాత్రం వద్దు, ఒడ్డు వైపు మట్టలకు కట్టండి. గూటికొక గుడ్డు సంఘానికి వదలాలి. అంతే."

గుడ్లు పెట్టే రోజులు దాటిపోతున్నాయి. పైడమ్మే ముందు కదిలింది. వెళ్లి గడ్డి కోసుకొచ్చి అప్పన్న ముందు పడేసింది. "నెయ్యి," అంది.

నేశాడు. అంత చక్కటి గూడు ఎన్నడూ నెయ్యలేదు. కింద కామేశం మెత్తటి ఇసుక పోయించి, గుడ్డు పగలకుండా ఎండుటాకులు పరిపించి, దాని పక్కనే పడుకున్నాడు.

"గొట్టం కొంచెం వెడల్పు చెయ్యి అప్పన్నా," అన్నాడు కళ్లు మూసుకునే. "గుడ్డు ఇరుక్కోకూడదు."

అప్పన్న ముక్కు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గొట్టం వెడల్పు చేశాడు.

పైడమ్మ తొలి గుడ్డు పెట్టింది. కాసేపు పొదిగింది. తర్వాత ఎవరి సాయమూ అడక్కుండా, తనే రొమ్ముతో నెట్టి దాన్ని గొట్టంలోకి వదిలింది. కింద ఆకులు చప్పుడు చేశాయి. తాతల కాలం నుంచి ఒడ్డున మెడ నొప్పి పెట్టుకున్న నక్క జాతి, ఈసారి తల కూడా ఎత్తకుండా తినేసి పెదాలు నాక్కుంది. ఆ రోజు నుంచి పైడమ్మ అప్పన్నతో మాట్లాడలేదు.

నీ ప్రాణం కాచే పనితనాన్ని మెచ్చుకోలు కోసం ఇచ్చేస్తే, రేపు నీ ఇంట్లో నువ్వు ఉండటానికి శత్రువు అనుమతి అడగాలి.