మసి పులమని తాటాకులు

అనగనగా, ఏడు సముద్రాలకు ఇవతల, పిల్లలూ, విరాజసేనుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కథలంటే ఆయన చెవి కోసుకునేవాడు.

ఒకరోజు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు భుజం మీద చిలకతో సభకు వచ్చి కథ మొదలుపెట్టాడు. ఆ కథకు తలా లేదు, తోకా లేదు. మధ్యాహ్నం దాటేసరికి రాజుగారికి ఆవలింత వచ్చింది. మాంత్రికుడు మండిపడి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆయన్ని రాయిని చేసి, తన దీవికి ఎత్తుకుపోయాడు. పోతూ ఒక మాట చెప్పాడు. తన చిలక వినని కథను దీవిలో కూర్చుని నూరు తాటాకుల మీద రాసి, దానికి చదివి వినిపిస్తే రాజు మళ్ళీ మనిషవుతాడు. మధ్యలో ‘రాయలేను’ అన్నవాడు మాత్రం రాయవుతాడు.

పెద్దవాడు వెళ్ళాడు, మూడు నెలలకు ఆ మాట అన్నాడు, రాయయ్యాడు. రెండోవాడు వెళ్ళాడు, మూడు ఆకులకే ఆ మాట అన్నాడు, రాయయ్యాడు. ఇక మిగిలింది చిన్నవాడు పుష్పకేతుడు. అతనూ బయలుదేరి ఏడు సముద్రాలు దాటాడు. ఎలా దాటాడంటారా? ఒకదాని తర్వాత ఒకటి. నాలుగో సముద్రంలో కాలి చెప్పు ఒకటి జారిపోయింది. దీవిలో దిగేసరికి ఇంకా పని మొదలుకాకుండానే అతనికి ఒళ్ళు హూనమైపోయింది.

దీవిలో మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె ఒకతె ఉంది, పేరు కలువరేఖ. తాటాకులు ఉడకబెట్టి ఆరబెట్టడం, దీపం మసి పట్టి నూనెలో కలిపి ఇవ్వడం ఆమె పని. గంటంతో ఆకు మీద గీసిన అక్షరం మసి పులిమితే గాని కనబడదు కదా! మొదటిరోజే ఆమె అతనికి గుట్టు చెప్పేసింది. “మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలో ఉంది రాకుమారా. దానికి తెలియని కథ లేదు. అది ఎప్పుడైనా ‘తర్వాత?’ అని అడిగిందా, ఆ క్షణాన వాడు చచ్చాడన్నమాటే.”

పుష్పకేతుడు రాయడానికి కూర్చున్నాడు. చిలక వచ్చి భుజం మీద వాలింది. ఒక వరస రాసి మసి పులిమాడు. చిలక చదివి, “విన్నదే” అంది. ఆకు పారేశాడు. ఇంకో ఆకు తీశాడు. “ఇదీ విన్నదే” అంది. అదీ పారేశాడు. వారం తిరిగేసరికి చిలక అనకముందే అతనే అనుకుని పారేయడం మొదలుపెట్టాడు. బయట వానలో మూడు రాళ్ళు తడుస్తున్నాయి. తండ్రి ముక్కు కొన అప్పటికే అరిగింది. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే ఆ ముఖం పోలిక దొరకదు. అతనికి ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికీ ఓపిక లేదు.

దీవిలో జంతువులు మాట్లాడతాయి. తెల్లవారకముందే లేచి రాయమని కోడిపుంజు చెప్పింది. లేచాడు, ఆకు మీదే తల పెట్టి నిద్రపోయాడు. మబ్బు పట్టినప్పుడు దానంతటదే వస్తుంది, అప్పుడు రాయమని నెమలి చెప్పింది. మబ్బు కోసం చూస్తూ రెండు నెలలు కూర్చున్నాడు, మబ్బు వచ్చింది గాని కథ రాలేదు. చివరికి గానుగ ఎద్దు దగ్గరికి వెళ్ళాడు. అది రోజంతా తిరుగుతుందని తనూ రోజంతా రాశాడు. మణికట్టు వాచింది, చెత్త మాత్రం పెరిగింది.

‘రాయలేను’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చిన రోజున, వెళ్ళి ఎద్దు పక్కన చతికిలబడ్డాడు. నీకు విసుగు రాదా అని అడిగాడు.

“ఎందుకు రాదు నాయనా,” అంది ఎద్దు. “కానీ నా కళ్ళకు గంతలున్నాయి చూశావా? తిరుగుతున్నది ఈ ఒక్క చోటే అని కనబడితే నేనూ నీలాగే కూలబడేవాణ్ణి. గంతలు తీసేది సాయంత్రమే. అప్పుడు చూస్తే కుండలో నూనె ఉంటుంది.”

పుష్పకేతుడు లేచాడు. వెళ్ళి, ఇక తనకు మసి ఇవ్వవద్దని కలువరేఖతో చెప్పాడు. మసి లేకపోతే రాసింది మీకే కనబడదు కదా అంది ఆమె. అదే కావాలన్నాడు.

ఆ రోజు భోజనం చేసి, తిన్న విస్తరాకు తీసి, చేయి కడుక్కుని కూర్చున్నాడు. గంటం ఆకు మీద బరబరా నడిచింది. చిలక మెడ వంచి, వంకరగా చూసి, ఏం రాశావని అడిగింది. నాకూ తెలియదన్నాడు. ఆకు నిండింది, పక్కన పెట్టాడు, లేచాడు. మర్నాడూ భోజనమయ్యాక ఒకే ఆకు. కొన్ని రోజులు మనసొప్పక రాశాడు, కొన్ని రోజులు కునికిపాట్లు పడుతూ రాశాడు. ఉత్సాహం వచ్చిన రోజున కూడా రెండో ఆకు ముట్టలేదు.

నూరో రోజున కలువరేఖ గిన్నెడు మసి తెచ్చింది. ఇద్దరూ కలిసి నూరు ఆకులకూ పులిమి తుడిచారు. అక్షరాలు నల్లగా పైకొచ్చాయి. కొన్ని ఆకులు మరీ చప్పగా ఉన్నాయి. ఫరవాలేదనుకుని చదవడం మొదలుపెట్టాడు.

నాలుగో సముద్రంలో చెప్పు పోగొట్టుకున్న ఒక పడవవాడి కథ అది. వాడు కనబడ్డ చేపనల్లా నా చెప్పు చూశావా అని అడుగుతూ పోతాడు. మాంత్రికుడు పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు. అరవై ఒకటో ఆకు దగ్గర పుష్పకేతుడు గొంతు ఎండిపోయి ఆగాడు.

చిలక అతని చెవి దగ్గరగా జరిగింది.

“తర్వాత?” అంది.

మాంత్రికుడు నవ్వుతున్నవాడు నవ్వుతూనే పక్కకు ఒరిగిపోయాడు. చిలక అటు చూడనైనా లేదు. చెప్పు దొరికిందా లేదా అని పోరింది. ఇక తప్పక పుష్పకేతుడు మిగతా ముప్పై తొమ్మిది ఆకులూ చదివాడు. చివరి మాటతో అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకున్నారు. రాజుగారు ఎన్నాళ్ళ నుంచో ఆగిపోయిన ఆవలింతను తీరిగ్గా పూర్తిచేసి, ఆకలేస్తోందన్నాడు.

అందరూ చిలకతో సహా ఏడు సముద్రాలూ దాటి ఇల్లు చేరాక, పుష్పకేతుడికీ కలువరేఖకూ ఏడు రోజుల పెళ్ళి జరిగింది. విరాజసేనుడి తర్వాత ఆ ఇద్దరూ ఆ రాజ్యాన్ని చాలా కాలం ఏలారు. ఆ పెళ్ళి పందిరిలోనే కొడుకు రాసిన కథ వింటానని తండ్రి పట్టుబట్టాడు. ఇరవయ్యో ఆకు దగ్గర మళ్ళీ ఆవలించి, ముక్కు అరిగిన ఆ ముఖంతో హాయిగా గుర్రుపెట్టాడు. పుష్పకేతుడికి కోపం రాలేదు. నాన్న నిద్రపోతున్నాడు, రాయి కాలేదు, అంతే చాలనుకున్నాడు. శాలువా కప్పి వెళ్ళి, భోజనం చేసి, చేయి కడుక్కుని, కొత్త ఆకు ముందు కూర్చున్నాడు. ఏమీ తోచలేదు.

చిలక వచ్చి భుజం మీద వాలింది. అతను గంటం అందుకున్నాడు.