రాగి పిల్లలు సర్దుకున్న చోటు

ఒకప్పుడు అల్యూమినియం వట్టి మెతక. తేలికగా ఉండేది, తళతళలాడేది, కానీ బాగా వేడి తగిలితే చాలు, చేతులెత్తేసేది.

ఆ రోజుల్లో ఒక ఉదయం ఆరున్నరకు కమ్మరి గవరమ్మ కొలిమిలో బూడిద ఎత్తుతోంది. చెరకు రైతు సన్యాసినాయుడు కుంగిపోయిన అల్యూమినియం పిస్టన్ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అప్పా, గానుగ ఇంజను మళ్ళీ ఆగిపోయింది. నరికిన చెరకంతా గుట్టగా పడి ఉంది. ఎద్దులు ఎంతని తిప్పుతాయి? చెరకు పులిసిపోతే ఈ ఏడు బెల్లం లేనట్టే."

గవరమ్మ పిస్టన్‌ను తిప్పి చూసింది. "ఏమే, ఇలా చతికిలబడ్డావు?"

"ఇంజను లోపల మంటమ్మా. ఒక్కదాన్నే నిలబడలేకపోయాను," అంది అల్యూమినియం.

"సరే, తోడు తెస్తానుండు."

అల్యూమినియాన్ని కరిగించి అందులో కాస్త రాగి, చిటికెడు నికెల్ కలిపి మూసలో పోసింది. చల్లారాక సుత్తితో తడితే అంచు ఊడి వచ్చింది.

"మా తప్పే," అన్నాయి లోపలున్న రాగి పిల్లలు. "చల్లారేటప్పుడు మూలల్లో గుంపుగా చేరి కబుర్లలో పడ్డాం."

"ఇల్లంతా ఖాళీ, మూలల్లో జాతర. పగలక ఏమవుతుంది?" అంది గవరమ్మ.

కొలిమిలో నిప్పు నవ్వింది. "మళ్ళీ పోసి నాకు అప్పగించు. కరగనివ్వను, కరిగే అంచుదాకా తీసుకెళ్తాను. ఈ పిల్లల్ని ఇల్లంతా తిప్పుతాను."

అన్నట్టే చేసింది. సాయంత్రానికి రాగి పిల్లలు తలో దిక్కూ చెదిరాయి.

"బయటికి తీస్తే మళ్ళీ మూలలకే పరుగెడతాం," అన్నాయి అల్లరిగా.

"పరుగెత్తే వ్యవధి ఇస్తే కదా," అంది తొట్టిలో నీరు.

గవరమ్మ పిస్టన్‌ను గబుక్కున ముంచింది. సుయ్‌మంది. పిల్లలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

గవరమ్మ పుట్టింది మొదలు కొడవళ్ళ మధ్యే పెరిగింది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచింది ఏదైనా గట్టిగానే బయటికి వస్తుందని ఆమె నమ్మకం. వెంటనే ఆకురాయి తీసి గీసింది. ఆకురాయి సులువుగా దిగింది. ఆమె మొహం చిన్నబోయింది.

"అప్పా, నువ్వు దీనికి గట్టిపడేలా నీరు పట్టించలేదు, ఉత్త స్నానం చేయించావు," అన్నాడు నాయుడు.

"నోరు మూసుకుని పట్టుకుపోరా."

నాయుడు దాన్ని తీసుకెళ్ళి, చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్న బెల్లం పొయ్యి గట్టు మీద, అక్కడ కప్పిన రేకు ఎగిరిపోకుండా బరువుగా పెట్టాడు.

అక్కడ తరిమేవాళ్ళు లేరు, ముంచేవాళ్ళు లేరు. రాగి పిల్లలు మెల్లగా కదిలి, చిన్నచిన్న జట్లు కట్టి, ఇల్లంతా బారులు తీరాయి.

"రేపు మంట పెరిగితే?" అంది అల్యూమినియం.

"సందుల్లో నేను కాపలా ఉన్నాను కదా. నువ్వు పడుకో," అంది నికెల్.

రెండు రోజుల తర్వాత దాన్ని కరిగించి మళ్ళీ పోద్దామని గవరమ్మ వచ్చింది. ఎందుకైనా మంచిదని ఒకసారి గీసి చూసింది. ఆకురాయి జారిపోయింది.

"మొన్న మెత్తగా ఉన్నావు కదే?"

"నువ్వే తొందరపడ్డావు. ఇనుముకు ముంచితే సరి. నాకు ఆ తర్వాత కాస్త సెగ, కాస్త నిమ్మళం కావాలి."

పిస్టన్ బిగించగానే ఇంజను ఆడింది. చెరకు పులియకముందే రసమంతా పెనాలకెక్కింది. తొలి బెల్లం దిమ్మ గవరమ్మ ఇంటికి వచ్చింది.

నాయుడికి ఆశ పుట్టింది. ఇంకో పిస్టన్ పోయించి, మరింత గట్టిపడుతుందని అదే గట్టు మీద పెట్టి, తీయనే లేదు. చాలా రోజుల తర్వాత గవరమ్మ గీసి చూస్తే ఆకురాయి మళ్ళీ దిగింది. చిన్న జట్లన్నీ కలిసి పెద్ద గుంపులైపోయాయి.

"ఇప్పుడు ఎవరురా స్నానం చేయించింది?" అంది గవరమ్మ.

అప్పటినుంచే, రాగి కలిసిన అల్యూమినియం నీళ్ళలోంచి తీయగానే మెత్తగా ఉంటుంది, సెగ మీద నిమ్మళంగా ఉంచితే గట్టిపడుతుంది, మరీ ఎక్కువ రోజులు వదిలేస్తే మళ్ళీ మెత్తబడుతుంది.