పిల్లల గది ఎన్నింటికి తెరుస్తారు?

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే కూర్మారావు మంచివాడే గానీ, ఏ విషయమైనా ఎవరినీ అడగకుండానే "నాకు తెలుసులే" అనేవాడు.

కొత్త ఊరికి వెళ్లినా దారి అడిగేవాడు కాదు. ఒకసారి చుట్టాల పెళ్లికని బయలుదేరి, వేరే ఊళ్లో, వేరేవాళ్ల పెళ్లిలో కడుపునిండా భోజనం చేసి వచ్చాడు. ఇదేమిటని భార్య దమయంతి నిలదీస్తే, "ఆళ్లు కూడా మనకి ఎలాగో సుట్టాలే, నాకు తెలుసు" అన్నాడు. అంతటి ఘనుడు!

దమయంతిదీ అదే ఫ్యాక్టరీ. చాలా ఏళ్లు పప్పు మీద పొట్టు తీసే పని చేసి, ఈమధ్యే గ్రేడింగ్ బల్ల దగ్గరికి మారింది. గుండుపప్పును, బద్దను, ముక్కను చూపుతోనే విడదీసి ఏ కుప్పలోది ఆ కుప్పలో వేయాలి. ఆ బల్ల దగ్గర చోటు దొరకడం అంత తేలిక కాదు. దొరికిన రోజున ఆమె వీధంతా మిఠాయి పంచింది.

వాళ్లకు రెండేళ్ల కూతురు, పేరు లిఖిత. భార్యాభర్తలిద్దరికీ పొద్దున్న ఆరింటికే షిఫ్టు. ఇన్నాళ్లూ పక్కింటి ముసలమ్మ పిల్లను చూసుకునేది. ఆమె బరంపురంలో కూతురి దగ్గర ఉండడానికి వెళ్లిపోయింది. పిల్లను చూసే మనిషి దొరక్కపోతే దమయంతి పని మానుకోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే మేనేజరు పనివాళ్లందరినీ పిలిచి చల్లటి కబురు చెప్పాడు.

"చిన్నపిల్లలున్న వాళ్లకు ఈ ఏడాది నుంచి కంపెనీ సాయం చేస్తుంది. జీతంతోపాటు నెలనెలా కొంత డబ్బు తీసుకుని మీ ఏర్పాటు మీరు చేసుకోవచ్చు. అలా వద్దనుకుంటే ఫ్యాక్టరీ ఆవరణలోనే పిల్లల గది పెడుతున్నాం. ఆయా ఉంటుంది. పాలు, గుడ్డు, అన్నం అన్నీ ఉచితం. రెంటిలో ఏదో ఒకటే. శనివారంలోగా చెప్పండి. ఒకసారి చెప్పాక ఏడాది దాకా మార్చడం కుదరదు."

ఇక ఫ్యాక్టరీలో ఎక్కడ నలుగురు కలిసినా అదే చర్చ. డబ్బు ఎక్కువా, పాలూ గుడ్డూ ఎక్కువా అని వాదించుకున్నారు. దమయంతి మాత్రం భర్తతో మెల్లగా అంది.

"మావా, ఓసారి ఆఫీసుకెళ్లి అన్నీ కనుక్కుని రారాదా?"

"కనుక్కోడానికి ఏటుంది? గదే మంచిది. డబ్బు ఇలా వచ్చి అలా పోద్ది. నాకు తెలుసులే" అన్నాడు కూర్మారావు.

తన మట్టుకు చెప్పుకుని ఊరుకున్నా బాగుండేది. టీ కొట్టు దగ్గర నిలబడి కనిపించినవాళ్లందరికీ అదే సలహా ఇచ్చాడు. అతని ధీమా చూసి చాలామంది గదికే పేరు రాయించుకున్నారు. మిగిలినవాళ్లు డబ్బు తీసుకుంటామన్నారు.

సోమవారం వచ్చింది. చీకటి విడకముందే లిఖితకు స్నానం చేయించి, కొత్త గౌను వేసి, ఫ్యాక్టరీకి తీసుకొచ్చారు. పిల్ల తన చెంచా తనే పట్టుకుని దర్జాగా నడిచింది. తీరా చూస్తే పిల్లల గదికి ఇంత లావు తాళం వేలాడుతోంది!

"తొమ్మిదికి గానీ తెరవరు" అన్నాడు వాచ్‌మన్. "ఆఫీసు ఎప్పుడు తెరిస్తే ఇదీ అప్పుడే."

వెనకాలే మిగతా తల్లులు చంకల్లో పిల్లలతో వచ్చి నిలబడ్డారు. సైరన్ మోగింది. అందరూ తాళాన్ని చూశారు. తర్వాత కూర్మారావును చూశారు.

"ఏటన్నా, నీకు తెలుసన్నావు కదా?" అంది ఒకామె.

కూర్మారావు తాళాన్ని పట్టుకుని లాగి చూశాడు. దమయంతి పిల్లను ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఆ రోజు ఆమె చోటు ఖాళీగా ఉండడం చూసి సూపర్‌వైజరు, "ఈ వారం ఆగుతాను. ఆ తర్వాత బల్ల దగ్గర ఇంకొకరిని కూర్చోబెడతాను" అని కూర్మారావుకు కబురు చెప్పాడు.

షిఫ్టు దిగి ఇంటికి వెళ్లేసరికి దమయంతి గడప దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా చేటలో వేరుశనగ గుళ్లు. గుండువి ఒక పక్క, బద్దలు ఒక పక్క, ముక్కలు ఇంకో పక్క కుప్పలు పోసి ఉన్నాయి.

"ఏటిది?" అన్నాడు.

"సేతులు ఊరుకోడం లేదు మావా" అంది ఆమె తలెత్తకుండానే.

కూర్మారావుకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు. తన నోటి దురద వల్ల ఆమె ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసిపోతోందని అతనికి అప్పుడు అర్థమైంది.

మర్నాడు షిఫ్టు అవగానే పిల్లల గది ఆయా ఆదెమ్మ దగ్గరికి వెళ్లాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాడు.

"ఆదెమ్మప్పా, నాకు తెల్దు. నువ్వు సెప్పు. తెల్లారే గది ఎందుకు తెరవరు?"

"నన్ను తొమ్మిదికి రమ్మన్నారు, వస్తన్నాను" అంది ఆదెమ్మ. "ఆరింటికి ముందే రమ్మంటే అలాగే వస్తాను. కాకపోతే ఆఫీసోళ్ల పిల్లలు సాయంత్రం దాకా ఉంటారు. అంతసేపు ఒక్కదాన్నీ సెయ్యలేను. ఇంకో మనిషి కావాలి."

ఒకసారి నోరు పెగిలాక కూర్మారావు ఆగలేదు. డబ్బు ఎంచుకున్న తల్లులనూ అడిగాడు. వాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. డబ్బు వస్తుంది గానీ, తెల్లారకముందే పిల్లను ఉంచుకోవడానికి ఏ ఇంటావిడా ఒప్పుకోవడం లేదట. గది పొద్దున్నే తెరిస్తే డబ్బు వదులుకుని పిల్లలను అక్కడే దింపుతామన్నారు.

అందరినీ వెంటబెట్టుకుని అతను మేనేజరు గదికి వెళ్లాడు. సంగతంతా విని మేనేజరు నుదురు రుద్దుకున్నాడు.

"డబ్బెంత, గుడ్లెన్ని అని అందరూ అడిగారు గానీ, ఎన్నింటికి తెరుస్తారని ఒక్కరూ అడగలేదయ్యా. మీ షిఫ్టు సంగతి నాకైనా తట్టాల్సింది. అయితే రెండో ఆయా అంటే మళ్లీ ఖర్చు."

"వీళ్లు డబ్బు వద్దంటన్నారు సార్. ఆ డబ్బు రెండో ఆయా జీతానికి సరిపోద్దా? నాకు తెల్దు, అందుకే అడుగుతున్నాను."

మేనేజరు లెక్క చూసుకున్నాడు. "సరిపోతుంది. కానీ ఏడాది దాకా మార్చకూడదని ముందే చెప్పాం కదా?"

"ఆ రూలు ఎవరు పెట్టారు సార్?"

"నేనే పెట్టాను."

"మరి మీరు పెట్టిన రూలు మీరు తియ్యొచ్చా, తియ్యకూడదా? అదీ నాకు తెల్దు సార్."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మేనేజరు నవ్వాపుకోవాలని చూశాడు గానీ తనవల్ల కాలేదు. "తియ్యొచ్చు లేవయ్యా! ఎల్లుండి నుంచి అయిదున్నరకే తెరిపిస్తాను" అన్నాడు. ఫ్యాక్టరీ ఆవరణ ఈలలతో మోగిపోయింది.

అన్నమాట ప్రకారం చెప్పిన రోజున చీకట్లోనే పిల్లల గదిలో లైటు వెలిగింది. ఆదెమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పిల్లనూ పేరు పెట్టి పిలిచింది. లిఖిత చెంచా ఊపుకుంటూ లోపలికి పరుగెత్తింది, వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. సైరన్ మోగేసరికి దమయంతి తన బల్ల దగ్గర తన చోట్లో కూర్చుని ఉంది. ఆమె ముందు పప్పు చకచకా విడిపోతోంది. సూపర్‌వైజరు చూసి తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు.

విరామంలో అందరూ కూర్మారావు చుట్టూ చేరారు. పొగడ్తలకు అతను బాయిలర్‌లో నీళ్లలా పొంగిపోయాడు. అంతలో ఒకామె అడిగింది.

"అన్నా, ఆదివారం ఓవర్‌టైం పడితే గది తెరుస్తారా?"

"ఓస్, అదెంత! నాకు తె..." అన్నాడు కూర్మారావు. దూరాన బల్ల దగ్గర్నుంచి దమయంతి ఇటే చూస్తోంది. అతను చటుక్కున నాలిక కరుచుకున్నాడు.

"ఉండమ్మా, అడిగొస్తాను" అని ఆఫీసు వైపు పరుగు తీశాడు. దమయంతి పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని అతనూ నవ్వుకుంటూనే పరుగెత్తాడు.

నీతి: ఎంత మంచి సాయమైనా మన అవసరానికి సరిపడితేనే అక్కరకు వస్తుంది, సరిపడుతుందో లేదో తెలుసుకోవాలంటే, తెలియదని ఒప్పుకుని ముందే అడగాలి.